ఉన్ని రాయి – ఎరియొనైట్

పాఠ్యభాగ నేపథ్యం

ఖనిజాలలో బంగారం, వజ్రం వంటివి అందరికీ తెలిసినవే. కొన్ని ఖనిజాలు మాత్రం శాస్త్రజ్ఞుల పరిశోధనశాలల్లోనూ, మ్యూజియంల అద్దాల బీరువాల్లోనూ తప్ప సామాన్యుల కంట పడవు. ఎరియొనైట్ అలాంటి అరుదైన ఖనిజం. ఇది జియోలైట్ కుటుంబానికి చెందినది. ఈ కుటుంబం మానవజాతికి చేసిన మహోపకారం ఎంతో ఉంది. అయితే ఈ కుటుంబంలో పుట్టిన ఎరియొనైట్ తుర్కియే దేశంలోని కొన్ని పల్లెల్లో తరతరాలుగా ప్రాణాలను హరించింది. ఒక రాయి లక్షణాలను తెలుసుకోవడం మనుషుల ప్రాణరక్షణకు ఎలా తోడ్పడిందో ఈ పాఠం వివరిస్తుంది.

మరిగే రాళ్ళు

క్రీ.శ. 1756లో స్వీడన్ దేశానికి చెందిన ఖనిజ శాస్త్రవేత్త ఆక్సెల్ ఫ్రెడ్రిక్ క్రోన్‌స్టెట్ ఒక వింతను గమనించాడు. ఒక రాతి ముక్కను ఊదుగొట్టపు మంటలో వేడిచేస్తే అది నురగలు కక్కుతూ, నీటి ఆవిరిని వెలువరిస్తూ ఉబ్బింది. చూడటానికి రాయి మరుగుతున్నట్లే ఉంది. గ్రీకు భాషలో మరగడాన్ని సూచించే మాటకు, రాయి అనే అర్థమిచ్చే ‘లిథోస్’ అనే మాటను జోడించి, అటువంటి రాళ్ళకు ఆయన ‘జియోలైట్’ అని పేరు పెట్టాడు. మరిగే రాయి అని దాని అర్థం.

ఆ రాయి మరగడానికి కారణం దాని అంతర్నిర్మాణంలో ఉంది. జియోలైట్‌లలో ప్రధానంగా ఉండేవి సిలికాన్, అల్యూమినియం, ఆక్సిజన్. ఒక్కొక్క సిలికాన్ పరమాణువు చుట్టూ నాలుగు ఆక్సిజన్ పరమాణువులు నాలుగు మూలలుగా అమరి ఉంటాయి. కొన్నిచోట్ల సిలికాన్ స్థానాన్ని అల్యూమినియం ఆక్రమిస్తుంది. ఈ చతుర్ముఖాలు మూలల దగ్గర ఆక్సిజన్ పరమాణువులను పంచుకుంటూ ఒకదానితో ఒకటి ముడిపడి, మూడు దిక్కులా విస్తరించిన ఒక పంజరాన్ని నిర్మిస్తాయి. మామూలు ఇసుకరేణువులోని అమరిక దట్టంగా ఉంటుంది. జియోలైట్‌లోని అమరిక అలా కాదు. అందులో గదులూ, గదులను కలిపే సన్నని సొరంగాలూ ఉంటాయి. తేనెపట్టులోని గదులను తలపించే ఈ ఖాళీలలో నీటి అణువులు నివసిస్తాయి. వేడిచేసినప్పుడు ఆ నీరు ఆవిరై బయటికి పోతుంది. అంతమాత్రాన పంజరం కూలిపోదు. చల్లారిన తరవాత తేమ తగిలితే ఆ గదులు మళ్ళీ నీటితో నిండుతాయి.

ఈ నిర్మాణంలో మరొక విశేషం ఉంది. సిలికాన్ స్థానంలో అల్యూమినియం చేరిన ప్రతిచోటా పంజరానికి ఒక రుణావేశం మిగులుతుంది. దానిని సమతుల్యం చేయడానికి సోడియం, పొటాషియం, కాల్షియం వంటి ధనావేశం గల అయాన్లు గదుల్లోకి వచ్చి చేరుతాయి. అవి పంజరానికి గట్టిగా అతుక్కొని ఉండవు. సత్రంలో బస చేసిన బాటసారుల వలె, వేరొకరు వస్తే చోటు ఇచ్చి వెళ్ళిపోతాయి. ఈ గుణాన్నే అయాన్ వినిమయం అంటారు.

కుటుంబం చేసిన మేలు

ప్రకృతిలో నలభైకి పైగా జియోలైట్ ఖనిజాలు లభిస్తాయి. పరిశోధనశాలల్లో కృత్రిమంగా తయారైన నిర్మాణాలు ఇంకా ఎక్కువ. కఠినజలాన్ని మృదుజలంగా మార్చడంలో జియోలైట్‌లు తోడ్పడతాయి. నీటిలోని కాల్షియం అయాన్లను తమలోనికి తీసుకొని, తమలోని సోడియం అయాన్లను నీటికి ఇస్తాయి. బట్టలు ఉతికే పొడులలో జియోలైట్‌ను కలపడానికి ఇదే కారణం. పెట్రోలియం శుద్ధి కర్మాగారాల్లో ముడిచమురులోని పెద్ద అణువులను విడగొట్టి పెట్రోలుగా మార్చే ఉత్ప్రేరకాలుగా ఇవి పనిచేస్తున్నాయి.

సొరంగాల ముఖద్వారం పరిమాణాన్ని బట్టి కొన్ని అణువులు లోనికి ప్రవేశిస్తాయి. అంతకన్న పెద్దవి బయటే నిలిచిపోతాయి. పిండిని జల్లించే జల్లెడ నూకను పైనే నిలిపినట్లు, జియోలైట్ అణువులను వేరుచేస్తుంది. అందుకే వీటిని అణుజల్లెడలు అంటారు. 2021లో కోవిడ్ రెండవ ఉద్ధృతి దేశాన్ని కుదిపివేసినప్పుడు ఆసుపత్రుల ఆవరణలలో ఆక్సిజన్ ఉత్పత్తి కేంద్రాలు వెలిశాయి. ఇళ్ళలో రోగుల మంచాల పక్కన ఆక్సిజన్ కాన్సంట్రేటర్లు చేరాయి. ఆ యంత్రాల లోపల ఉన్నవి జియోలైట్ గుళికలే. గాలిలోని నైట్రోజన్‌ను అవి ఎక్కువగా పట్టి ఉంచగా, ప్రాణవాయువు అధికభాగంగా ఉన్న గాలి రోగికి అందింది. ఊపిరి అందక తల్లడిల్లిన ఎందరికో ఈ రాతి కుటుంబం ఊపిరి పోసింది.

అదే కుటుంబంలోని ఎరియొనైట్ చరిత్ర ఇందుకు పూర్తిగా భిన్నమైనది.

ఉన్ని వంటి ఖనిజం

1898లో అమెరికాలోని ఆరెగాన్ రాష్ట్రంలో, డర్కీ అనే ఊరి సమీపాన ఒక ఒపల్ రత్నాల గనిలో కొత్త ఖనిజమొకటి బయటపడింది. అగ్నిపర్వత శిల సందులలో, మెరిసే ఒపల్ రాళ్ళ నడుమ తెల్లని మెత్తని పోగులు గుత్తులు గుత్తులుగా కనిపించాయి. చూపరులకు అది రాయిగా కాక గొర్రె ఉన్నిగా తోచేది. దానిని పరిశీలించి లోకానికి పరిచయం చేసిన అమెరికన్ ఖనిజ శాస్త్రవేత్త ఆర్థర్ ఈకిల్ గ్రీకు భాషలో ఉన్నిని సూచించే ‘ఎరియాన్’ అనే మాట నుంచి దానికి ‘ఎరియొనైట్’ అని పేరు పెట్టాడు.

ఆ తరవాత దాదాపు అరవై సంవత్సరాల కాలం ఎరియొనైట్ అత్యంత అరుదైన ఖనిజంగానే మిగిలిపోయింది. కంటికి కనిపించే ఉన్ని గుత్తులు ఇతర ప్రదేశాలలో అంతగా దొరకకపోవడమే అందుకు కారణం. ఎక్స్‌కిరణాల సహాయంతో రాళ్ళలోని సూక్ష్మ స్ఫటికాలను గుర్తించే పద్ధతులు విస్తరించిన తరవాత పరిస్థితి మారింది. 1959 నాటికి నెవాడా రాష్ట్రంలోని పాత సరస్సుల అవక్షేపాలలో ఇది కంటికి కనిపించనంత సూక్ష్మ రూపంలో ఉన్నట్లు తెలిసింది. ఉన్ని వంటి గుత్తులు నిజంగానే అరుదు. సూక్ష్మమైన పోగుల రూపం మాత్రం అనుకున్నంత అరుదు కాదు. ఈ భేదమే తరవాతి కాలంలో ప్రాణాంతకమని రుజువైంది.

లక్షణాలు

ఎరియొనైట్ సాధారణంగా తెల్లగా గాని, రంగులేకుండా గాని ఉంటుంది. దీని కాఠిన్యం మోస్ కొలమానంపై మూడున్నర నుంచి నాలుగు వరకు ఉంటుంది. గాజు కన్నా మెత్తనిది కనుక చాకుతో గీస్తే గీత పడుతుంది. లోపల ఖాళీలు ఎక్కువగా ఉండటం వల్ల బరువు తక్కువ. నీటితో పోలిస్తే దీని సాంద్రత సుమారు రెండు రెట్లు మాత్రమే.

దీని స్ఫటిక వ్యవస్థ షడ్భుజాకారం గలది. స్ఫటికంలోని ఒక ప్రాథమిక ఘటకంలో 36 చతుర్ముఖాలు, 72 ఆక్సిజన్ పరమాణువులు, సుమారు 30 నీటి అణువులు ఉంటాయి. వీటితోపాటు పొటాషియం, సోడియం, కాల్షియం అయాన్లు వేర్వేరు పాళ్ళలో ఉంటాయి. వాటిలో ఏది అధికంగా ఉన్నదో దానిని బట్టి 1997 నుంచి ఎరియొనైట్‌ను మూడు ఉపజాతులుగా విభజిస్తున్నారు. అవి కాల్షియం ఎరియొనైట్, పొటాషియం ఎరియొనైట్, సోడియం ఎరియొనైట్.

దీని గదులకు ఎనిమిది చతుర్ముఖాల వలయాలు ద్వారాలుగా ఉంటాయి. ఆ ద్వారం వెడల్పు ఒక నానోమీటరులో మూడోవంతు నుంచి సగం వరకు మాత్రమే. తిన్నని గొలుసుల రూపంలో ఉన్న హైడ్రోకార్బన్ అణువులు ఈ ద్వారంలో దూరగలవు. కొమ్మలు గల అణువులు దూరలేవు. ఈ గుణం వల్ల ఎరియొనైట్‌ను కొంతకాలం పెట్రోలియం పరిశ్రమలో ఉత్ప్రేరకంగా ఉపయోగించారు.

ఇంతవరకు చెప్పిన లక్షణాలలో భయపడవలసినది ఏదీ లేదు. అపాయమంతా దాని బాహ్యరూపంలో ఉంది. ఎరియొనైట్ స్ఫటికం ఒకే దిశలో పొడవుగా పెరుగుతుంది. పలకలుగానో గడ్డలుగానో కాక సూదులుగా, పోగులుగా ఏర్పడుతుంది. ఒక్కొక్క పోగు మందం తరచుగా ఒక మైక్రోమీటరు కంటె తక్కువ. మనిషి తలవెంట్రుక మందం యాభై నుంచి వంద మైక్రోమీటర్ల వరకు ఉంటుంది. దానితో పోల్చితే ఈ పోగు ఎంత సన్ననిదో ఊహించవచ్చు. ఇంత సన్నని పోగు గాలిలో గంటల తరబడి తేలుతుంది. దానికి రంగు గాని, వాసన గాని లేదు.

ఎక్కడ పుడుతుంది?

ఎరియొనైట్‌కు జన్మనిచ్చేది అగ్నిపర్వతం. అగ్నిపర్వతం బద్దలైనప్పుడు వెలువడే బూడిదలో సూక్ష్మమైన గాజు తునకలు అధికంగా ఉంటాయి. ఆ బూడిద నేలపై పేరుకొని కాలక్రమంలో టఫ్ అనే మెత్తని రాయిగా మారుతుంది. ఉప్పు, క్షారం అధికంగా గల సరస్సులలో ఆ బూడిద పడినప్పుడు నీరు గాజు తునకలను కరిగిస్తుంది. కరిగిన సిలికా, అల్యూమినా తిరిగి స్ఫటికీకరణం చెంది జియోలైట్‌లుగా రూపొందుతాయి. నీటిలోని క్షారగుణం, లవణాల పాళ్ళను బట్టి ఒకచోట క్లినోప్టిలోలైట్, ఒకచోట చాబజైట్, మరొకచోట ఎరియొనైట్ పుడతాయి. అమెరికా పడమటి రాష్ట్రాల ఎండిన సరస్సుల అవక్షేపాలలో ఇది ఈ విధంగానే ఏర్పడింది.

లావా గడ్డకట్టి బసాల్టు శిలగా మారినప్పుడు అందులోని వాయు బుడగలు గుల్లలుగా మిగులుతాయి. వేడినీరు ఆ గుల్లల్లోకి చేరినప్పుడు కూడా జియోలైట్ స్ఫటికాలు పెరుగుతాయి. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏళ్ళ కిందట పొంగిన లావా వల్ల ఏర్పడిన దక్కన్ బసాల్టు శిలలు ఇందుకు ప్రసిద్ధి. మహారాష్ట్రలోని పుణె, నాసిక్, జల్‌గావ్ ప్రాంతాల రాతి క్వారీలలో దొరికే స్టిల్‌బైట్, హ్యూలండైట్ స్ఫటికాలు ప్రపంచంలోని అనేక మ్యూజియంలను అలంకరిస్తున్నాయి. ఈ బసాల్టు తెలంగాణలోని ఆదిలాబాద్, వికారాబాద్ ప్రాంతాల వరకు విస్తరించి ఉంది. నల్లరేగడి నేలలకు మూలం ఈ శిలలే.

అయితే ఎరియొనైట్ పేరు ప్రపంచానికి తెలిసినది మాత్రం తుర్కియే దేశం మధ్యభాగంలోని కపడోకియా ప్రాంతం వల్ల.

కపడోకియా పల్లెలు

కపడోకియా అద్భుత సౌందర్యం గల భూమి. ప్రాచీన అగ్నిపర్వతాలు కురిపించిన బూడిద అక్కడ టఫ్ శిలగా మారింది. గాలీ వానా ఆ శిలను చెక్కి గోపురాలుగా, స్తంభాలుగా తీర్చిదిద్దాయి. ఆ రాయి మెత్తనిది కనుక మనుషులు దానిని సులభంగా తొలిచి ఇళ్ళు, ప్రార్థనాలయాలు, భూగర్భ నగరాలు నిర్మించుకున్నారు. అక్కడి గోరెమె ప్రాంతాన్ని యునెస్కో 1985లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించింది.

ఆ ప్రాంతంలోనే నెవ్‌షెహిర్ రాష్ట్రంలో కరాయిన్, తుజ్‌కోయ్, సరిహిదిర్ అనే మూడు గ్రామాలున్నాయి. అక్కడి రైతులు తాతల కాలం నుంచీ స్థానికంగా దొరికే రాయిని కోసి ఇటుకలుగా పేర్చి ఇళ్ళు కట్టుకున్నారు. కొండను తొలిచి గదులు ఏర్పరచుకున్నారు. ఆ గుహలలో ధాన్యాన్నీ పండ్లనూ దాచుకున్నారు. వేసవిలో చల్లగా, చలికాలంలో వెచ్చగా ఉండే ఆ ఇళ్ళలో పిల్లలు పుట్టి పెరిగారు. గోడల నుంచి రాలే తెల్లని పొడిని వారు ఏనాడూ అనుమానించలేదు.

1970వ దశకంలో అంకారా నగరంలోని హజెత్తెపె విశ్వవిద్యాలయంలో ఛాతీ వ్యాధుల వైద్యుడు ఇజ్జెత్తిన్ బరిష్ ఒక విషయాన్ని గమనించాడు. అత్యంత అరుదుగా కనిపించే మీసోథీలియోమా అనే క్యాన్సర్‌తో కరాయిన్ అనే ఒకే చిన్న పల్లె నుంచి రోగులు వస్తున్నారు. ఊపిరితిత్తులను, ఉదరాన్ని కప్పి ఉండే పలుచని పొరలకు సోకే ఈ వ్యాధిని అంతకుముందు ఆస్బెస్టాస్‌తో, అంటే రాతినారతో ముడిపెట్టి చూశారు. దక్షిణాఫ్రికాలో రాతినార గనుల ప్రాంతాలలో నివసించిన వారికి ఈ వ్యాధి సోకుతున్నదని 1960లో జె.సి. వాగ్నర్, ఆయన సహచరులు 33 మంది రోగుల వివరాలతో నిరూపించారు. కాని కరాయిన్‌లో రాతినార గనులు లేవు, కర్మాగారాలు లేవు. వారంతా పొలం పనులు చేసుకునే రైతులు.

బరిష్ బృందం ఆ గ్రామానికి వెళ్ళింది. ఇంటింటి వివరాలు సేకరించింది. ఆ గ్రామ జనాభా సుమారు ఆరువందలు. 1974వ సంవత్సరంలో అక్కడ సంభవించిన 18 మరణాలలో 11 మీసోథీలియోమా వల్లనే జరిగినట్లు తేలింది. లక్షలమందిలో ఏ ఒక్కరికో ఇద్దరికో వచ్చే జబ్బు ఒక పల్లెలో ఇంటింటి జబ్బుగా మారింది. సమీపంలోనే ఉన్న కార్లిక్ గ్రామంలో మాత్రం ఆ జాడ లేదు. రెండు ఊళ్ళ ప్రజల జాతి, వృత్తి, ఆహారం, ఆచారాలు ఇంచుమించు ఒక్కటే. అలాంటప్పుడు ఒక ఊరిని కబళించి పక్క ఊరిని విడిచిపెట్టిన శత్రువు ఏది? పరిశోధకులకు ఈ ప్రశ్నే దారి చూపింది.

రాయి దోషి అని తేలిన విధం

మొదట అనుమానం సహజంగానే రాతినారపై పడింది. నేలనూ, రాళ్ళనూ, ఇళ్ళ గోడలనూ, వీధుల్లోని ధూళినీ సేకరించి ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించారు. వాటిలో కనిపించిన పోగులు ప్రధానంగా ఎరియొనైట్‌వని తేలింది. మరణించిన రోగుల ఊపిరితిత్తుల కణజాలంలోనూ అవే పోగులు కనిపించాయి. రోగాలు లేని గ్రామాలలో ఈ పోగులు అత్యల్పంగా ఉన్నాయి, లేదా లేనేలేవు.

జంతువులపై జరిగిన పరీక్షలు ఈ నిర్ణయాన్ని బలపరిచాయి. 1985లో వెలువడిన ఒక పరిశోధనలో ఆరెగాన్ రాష్ట్రపు ఎరియొనైట్ ధూళిని పీల్చిన 28 ఎలుకలలో 27 ఎలుకలకు మీసోథీలియోమా సోకింది. రాతినార వంటి పేరుమోసిన విషపదార్థం కంటె ఎరియొనైట్ ఎన్నో రెట్లు ప్రమాదకరమని పరిశోధకులు గ్రహించారు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1987లో ఎరియొనైట్‌ను మనుషులకు క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది. 2012లో ప్రచురించిన సమీక్షలోనూ ఆ నిర్ణయాన్నే స్థిరపరిచింది.

ఒక పోగు ఇంతటి కీడు ఎలా చేయగలదు? మామూలు ధూళిని ముక్కులోని వెంట్రుకలూ, శ్వాసనాళంలోని జిగురూ అడ్డుకుంటాయి. అంతకన్న సన్నని రేణువులు ఊపిరితిత్తుల లోపలికి చేరితే, రక్షక కణాలు వాటిని మింగి బయటికి తరలిస్తాయి. ఎరియొనైట్ పోగు సన్ననిది కావడంతో శ్వాసకోశాల అట్టడుగు వరకు చేరుతుంది. పొడవైనది కావడంతో రక్షక కణం దానిని పూర్తిగా మింగలేకపోతుంది. అది కరగదు. సగం మింగిన కణం చచ్చిపోతూ తన చుట్టూ వాపు కలిగించే రసాయనాలను వెదజల్లుతుంది. దాని స్థానంలో మరొక కణం వస్తుంది. దానికీ అదే గతి పడుతుంది. ఈ విధంగా ఏళ్ళ తరబడి ఆరని వాపు పొరలోని కణాలను దెబ్బతీస్తుంది. పోగు లోపలికి చేరిన నాటికీ, వ్యాధి బయటపడే నాటికీ మధ్య కొన్ని దశాబ్దాలు గడుస్తాయి. బాల్యంలో పీల్చిన ధూళి నడివయసులో ప్రాణం తీస్తుంది. ఊరు విడిచి స్వీడన్‌కు వలస వెళ్ళిన కరాయిన్ వాసులలో కూడా ఈ వ్యాధి కనిపించడానికి కారణం ఇదే. వారు ఊరిని విడిచారు గాని, ఊరి ధూళి వారిని విడవలేదు.

ఒకే గ్రామంలో కొన్ని కుటుంబాలలో మరణాలు మిక్కిలి ఎక్కువగా ఉండటాన్ని గమనించి, వంశపారంపర్య కారణాలు కూడా ఉండవచ్చునని 2001లో కొందరు పరిశోధకులు ప్రతిపాదించారు. పోగు లేనిదే వ్యాధి లేదు. అయితే పోగును తట్టుకొనే శక్తి అందరిలోనూ సమానంగా ఉండకపోవచ్చునన్నది వారి అభిప్రాయం.

కారణం తెలిసిన తరవాత నివారణ మార్గం కూడా తెలిసింది. ఆ గ్రామాల ప్రజలకు ప్రమాదం లేని చోట కొత్త ఇళ్ళు నిర్మించి, పాత ఇళ్ళ నుంచి తరలించే కార్యక్రమాన్ని తుర్కియే ప్రభుత్వం చేపట్టింది. పుట్టిన ఇంటిని, పూర్వుల సమాధులున్న ఊరిని విడిచి వెళ్ళడం ఎవరికైనా కష్టమే. కాని తమ పిల్లలు తమ వలె ఆ ధూళిని పీల్చకూడదంటే వారికి మరో దారి లేదు.

దారి పొడవునా ధూళి

ఎరియొనైట్ కథ కపడోకియాతో ముగియలేదు. అమెరికాలోని ఉత్తర డకోటా రాష్ట్రంలో డన్ కౌంటీ అనే ప్రాంతం ఉంది. అక్కడి కొండల నుంచి తవ్విన కంకరను సుమారు మూడు దశాబ్దాలపాటు రోడ్లపై పరిచారు. ఆ కంకరలో ఎరియొనైట్ ఉన్నదని తరవాత తెలిసింది. అటువంటి రోడ్ల పొడవు 480 కిలోమీటర్లకు మించి ఉన్నదని 2011లో ప్రచురితమైన ఒక పరిశోధన తెలిపింది. వాహనాలు వెళ్ళేటప్పుడు లేచే దుమ్ములోనూ, బడిపిల్లల బస్సుల లోపలి గాలిలోనూ ఆ పోగులు కనిపించాయి. కొన్నిచోట్ల వాటి పరిమాణం వ్యాధిగ్రస్తమైన ఒక తుర్కియే గ్రామంలోని పరిమాణంతో సమానంగా ఉంది. ఆ తరవాత ఎరియొనైట్ గల కంకరను రోడ్లకు వాడకుండా అక్కడి అధికారులు జాగ్రత్త వహించారు.

ఈ రెండు ఉదంతాలలోనూ ఒక పోలిక ఉంది. కొండలో కదలకుండా ఉన్నంతకాలం ఎరియొనైట్ ఎవరికీ హాని చేయదు. దానిని తవ్వి, కోసి, పగలగొట్టి, పొడి చేసి గాలిలో కలిపినప్పుడే అది మృత్యువుగా మారుతుంది. అంటే రాయి స్వభావంతోపాటు, రాయితో మనిషి వ్యవహరించే తీరు కూడా అపాయానికి కారణమే.

ఉపసంహారం

ఎరియొనైట్ గురించి తెలిసిన తరవాత జియోలైట్‌లన్నిటినీ అనుమానించడం సరికాదు. పోగుల రూపంలో లేని జియోలైట్‌లు ఈ విధమైన కీడు చేసినట్లు రుజువు కాలేదు. ఒక కుటుంబంలో ఒకరు చెడ్డవారైతే ఆ కుటుంబమంతటినీ దూషించడం న్యాయం కానట్లే, ఒక ఖనిజం చేసిన కీడుకు ఆ జాతినంతటినీ నిందించడం శాస్త్రీయం కాదు. అదే విధంగా ‘ప్రకృతిసిద్ధం’ అనే మాట వినగానే దానిని నిరపాయమని నమ్మడం కూడా సరికాదు. కరాయిన్ ఇళ్ళ గోడలు ప్రకృతిసిద్ధమైన రాతితో కట్టినవే.

తెలుగునాట కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులుండేవి. నేడు కూడా రాతి క్వారీలలో, కంకర మిల్లులలో, పలకల పరిశ్రమలో వేలాదిమంది శ్రామికులు ధూళి నడుమ పనిచేస్తున్నారు. రాయి ఏదైనా, దాని సూక్ష్మ ధూళి ఊపిరితిత్తులకు హితం కాదు. రాయిని తడిపి కోయడం, ధూళిని పీల్చివేసే యంత్రాలను అమర్చడం, తగిన ముఖకవచాలను ధరించడం, శ్రామికులకు క్రమం తప్పక వైద్యపరీక్షలు జరిపించడం అందుకే అవసరం. ఇవి ఖర్చుతో కూడిన ఆడంబరాలు కావు. మనిషి ఊపిరికి కట్టే విలువ.

1898లో ఒక శాస్త్రజ్ఞుడు ఉన్ని వంటి రాయిని చూసి ముచ్చటపడి పేరు పెట్టాడు. ముప్పాతిక శతాబ్దం తరవాత ఒక వైద్యుడు తన రోగుల చిరునామాలన్నీ ఒకే ఊరివని గమనించి ఆ ఊరి బాట పట్టాడు. ఒకరు రాయిని శ్రద్ధగా చూశారు. మరొకరు మనిషిని శ్రద్ధగా చూశారు. ఈ రెండు చూపులూ కలిసినప్పుడే కరాయిన్ పల్లె మరణాలకు కారణం తెలిసింది.

కఠిన పదాలు – అర్థాలు

అంతర్నిర్మాణం : లోపలి అమరిక
చతుర్ముఖం : నాలుగు ముఖాలు గల ఘనరూపం
రుణావేశం : ఎలక్ట్రాన్లు అధికమైనప్పుడు కలిగే విద్యుత్ స్థితి
వినిమయం : మార్పిడి, ఇచ్చిపుచ్చుకోవడం
ఉత్ప్రేరకం : తాను మార్పు చెందకుండా రసాయన చర్యను వేగవంతం చేసే పదార్థం
కాఠిన్యం : గట్టిదనం
అవక్షేపం : నీటి అడుగున పేరుకొన్న మట్టి, బూడిద మొదలైనవి
క్షారం : ఆమ్లానికి విరుద్ధ గుణం గల పదార్థం
రాతినార : ఆస్బెస్టాస్
కబళించు : మింగివేయు
ఉదంతం : వృత్తాంతం
హితం : మేలు

వ్యాకరణాంశాలు

అ) సంధులు
మహోపకారం : మహా + ఉపకారం – గుణసంధి
అత్యల్పం : అతి + అల్పం – యణాదేశ సంధి
షడ్భుజాకారం : షడ్భుజ + ఆకారం – సవర్ణదీర్ఘ సంధి

ఆ) సమాసాలు
మూడు గ్రామాలు : మూడు సంఖ్యగల గ్రామాలు – ద్విగు సమాసం
సూక్ష్మ ధూళి : సూక్ష్మమైన ధూళి – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
ప్రాణరక్షణ : ప్రాణముల యొక్క రక్షణ – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

I. వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. జియోలైట్‌ల నిర్మాణాన్ని వివరించి, వాటి వల్ల మానవాళికి కలుగుతున్న ప్రయోజనాలను తెలపండి.
2. కరాయిన్ గ్రామ మరణాలకు ఎరియొనైట్ కారణమని శాస్త్రజ్ఞులు ఎలా నిర్ధారించారు?

II. సంగ్రహరూప సమాధాన ప్రశ్నలు
1. ఎరియొనైట్ ఏయే పరిస్థితులలో ఏర్పడుతుంది?
2. ఎరియొనైట్ పోగు శరీరంలో కీడు చేసే విధానాన్ని రాయండి.
3. ఉత్తర డకోటా రోడ్ల ఉదంతం వల్ల తెలిసే విషయం ఏమిటి?
4. ‘ప్రకృతిసిద్ధమైనదంతా నిరపాయం కాదు.’ పాఠం ఆధారంగా సమర్థించండి.

III. ఏకవాక్య సమాధాన ప్రశ్నలు
1. జియోలైట్ అనే పేరు పెట్టినది ఎవరు?
2. ఎరియొనైట్ అనే పేరుకు మూలమైన గ్రీకు పదానికి అర్థం ఏమిటి?
3. ఆక్సిజన్ కాన్సంట్రేటర్లలో జియోలైట్ ఏ వాయువును పట్టి ఉంచుతుంది?
4. ఎరియొనైట్‌ను క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో ఏ సంవత్సరంలో చేర్చారు?